పర్లాకిమిడి పంతులు, రుషికుల్య జాలరి

1880లో పర్లాకిమిడి రాజావారి బళ్ళో పాఠాలు చెప్పడానికి ఒక కుర్రాడు చేరాడు. పదిహేడేళ్ళు నిండీ నిండని వయసు. చేతిలో ఉన్నది మెట్రిక్యులేషన్ సర్టిఫికెట్టు ఒక్కటే. చిన్నతనంలోనే తండ్రి పోతే విజయనగరంలో ఉండి ఆ మాత్రం చదువుకున్నాడు. యాభై ఏళ్ళ తర్వాత, 1931లో, మద్రాసు ప్రభుత్వం ఆయన రాసిన సవర భాషా వ్యాకరణాన్ని ఇంగ్లీషులో అచ్చువేసింది. ముండా భాషల మీద పరిశోధన చేసేవాళ్ళు ఇప్పటికీ ఆ పుస్తకం దగ్గరికి వెళ్ళక తప్పదు. ఆ కుర్రాడే గిడుగు వెంకట రామమూర్తి.

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం గనక గిడుగు అంటే వాడుక భాష కోసం పోరాడిన పెద్దమనిషి అని అందరికీ తెలుసు. ఆయన సైంటిస్టు అంటే మాత్రం చాలామంది నా మొహంకేసి వింతగా చూస్తారు. నేను బరంపురంలో పుట్టి, ఇక్కడే హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన దాన్ని. ఏటా జూన్ వచ్చేసరికి మా వీధి తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని నా దగ్గరికి వస్తారు. "నీట్ పోయిందమ్మా, జేఈఈ కూడా రాలేదు. వీడికింక సైన్సు లేనట్టేనా?" అని అడుగుతారు. వాళ్ళకి నేను చెప్పేది గిడుగు కథే. ఆయనకి ఎంట్రన్సు లేదు, గైడు లేడు, ల్యాబు లేదు. పర్లాకిమిడి దగ్గర ఆయనకున్నవల్లా ఒక పాత గుడి, దాని గోడల మీది శాసనాలు, వారం వారం సంతకి కొండ దిగి వచ్చే సవరలు.

గుడి గోడల నుంచి కొండ మీదికి

పర్లాకిమిడి ఆ రోజుల్లో మద్రాసు రాష్ట్రం గంజాం జిల్లాలోది. 1936లో ఒరిస్సాలో కలిసింది. 1992లో గంజాం నుంచి విడిపోయి గజపతి జిల్లాకి ముఖ్యపట్టణమైంది. వంశధార ఒడ్డున శ్రీముఖలింగం గుడి అక్కడికి దగ్గరే. గిడుగు పుట్టిన పర్వతాలపేట కూడా ఆ గుడి పక్కనే. ఆ గుడి గోడల నిండా శాసనాలున్నాయి. చదివి చెప్పేవాళ్ళు ఊళ్ళో లేరు. గిడుగు పుస్తకాలు తెప్పించుకుని పాత లిపులు తనంతట తనే నేర్చుకున్నాడు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని శాసనాల ఆధారంతో వాదించాడు. నడగాంలో దొరికిన గాంగ రాజు వజ్రహస్తుడి రాగి రేకుల్ని చదివి వివరిస్తూ ఆయన రాసిన వ్యాసం 'ఎపిగ్రాఫియా ఇండికా' నాలుగో సంపుటంలో వచ్చింది. ఆ రేకుల మీద ఉన్నది శక సంవత్సరం 979, అంటే సుమారు 1057. దేశంలోని పెద్ద శాసన పండితులు రాసే పత్రిక అది. వాళ్ళ సరసన ఒక మన్యపు పట్నం బడిపంతులు నిలబడ్డాడు.

డిగ్రీ ఈ పని మధ్యలో వచ్చింది. ఉద్యోగం చేసుకుంటూ ప్రైవేటుగా ఎఫ్.ఏ. పూర్తిచేశాడు. బి.ఏ. చేతికొచ్చేసరికి 1896 వచ్చింది, అప్పటికి ఆయనకి ముప్పై మూడేళ్ళు. మనం డిగ్రీ అయ్యాక పరిశోధన అంటాం, ఆయన పరిశోధన సాగుతుండగా డిగ్రీ తెచ్చుకున్నాడు.

సవరలు చుట్టుపక్కల కొండల్లో ఉండేవాళ్ళు. తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ వాళ్ళ మాటని మాటగా లెక్కచేసేవాళ్ళు కాదు. ఆ మాటలు గిడుగు చెవిన పడ్డాయి. నేర్చుకుందామంటే వ్యాకరణమూ లేదు, నిఘంటువూ లేదు. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక మనిషిని తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు. ఆయన ఒక మాట అంటాడు, ఈయన రాసుకుంటాడు, తిరిగి పలికి చూపిస్తాడు, తప్పైతే దిద్దించుకుంటాడు. ఆనాటి పట్టింపుల మధ్య, కులం తక్కువ అని ఊరు దూరం పెట్టిన మనిషిని ఇంట్లో గురువుగా కూర్చోబెట్టడం చిన్న విషయం కాదు.

పన్నెండుకి ఒకటి కలిపితే

ఆయన విన్న భాష ఎలాంటిదో రెండు ఉదాహరణలు చెబుతాను. నా క్లాసు పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్న సంగతులివి.

మొదటిది లెక్క. తెలుగులో పది దాటాక పదకొండు, పన్నెండు, పదమూడు అని పది మీదే పేర్చుకుపోతాం. సవరలు పన్నెండు దాకా వెళ్ళి ఆగుతారు. పన్నెండు అంటే మిగెల్, ఒకటి అంటే బోయ్. పదమూడు మిగెల్‌బోయ్, అంటే పన్నెండూ ఒకటీ. ఏడు గుల్జి కాబట్టి పందొమ్మిది మిగెల్‌గుల్జి. ఇరవై రాగానే బోకుడి అని కొత్త గుత్తి మొదలవుతుంది. ముప్పై రెండు చెప్పాలంటే ఒక ఇరవై, ఒక పన్నెండు. పన్నెండునీ ఇరవైనీ ఇలా కలిపి లెక్కపెట్టే భాషలు ప్రపంచంలో బహు తక్కువ.

రెండోది క్రియ. "నీ పొట్టలో కత్తితో పొడుస్తాడు" అనడానికి మనకి నాలుగు మాటలు కావాలి. సవరలో ఒక్కటే మాట, పోపుఙ్‌కోన్‌తమ్. అందులో పో అంటే పొడవడం, పుఙ్ అంటే పొట్ట, కోన్ అంటే కత్తి, చివరి అమ్ అంటే నిన్ను. నామవాచకాల్ని కురచగా కత్తిరించి క్రియలోకి దూర్చేస్తారు. భాషాశాస్త్రం పాఠ్యపుస్తకాల్లో ఈ లక్షణానికి ఉదాహరణగా సవర పేరు తరచూ కనిపిస్తుంది.

తెలుగు ద్రావిడ భాష, ఒడియా ఇండో ఆర్యన్ భాష. సవర ఈ రెండింటికీ చుట్టం కాదు. సంతాలీ, ముండారీలతో కలిసి ముండా శాఖలో ఉంది. ఆ శాఖ ఉన్న ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబంలోనే కాంబోడియా వాళ్ళ ఖ్మేర్, వియత్నాం వాళ్ళ భాష కూడా ఉన్నాయి. పర్లాకిమిడి సంతలో ఉప్పు బేరమాడే చోట మూడు భాషా కుటుంబాలు ఒకదానికొకటి తగులుతుంటాయన్న మాట. ఆ సంత నిండా ఎందరో తిరిగారు. కాగితం మీద పెట్టింది గిడుగు.

రాయడానికి తెలుగు లిపి చాలలేదు. గొంతులో గాలి ఠక్కున ఆగిపోయే ధ్వని సవరలో అడుగడుగునా వస్తుంది. మన అక్షరాల్లో దానికి గుర్తు లేదు. ఆయన ధ్వనిశాస్త్రం చదువుకుని, ఒక్కో ధ్వనికి ఒక్కో గుర్తు వాడాడు. 1931 పుస్తకం అట్ట మీదే ఆ సంగతి తెలుస్తుంది. ఇంగ్లీషులో 'సోరా' అని రాసి, రెండచ్చులూ దీర్ఘమని చూపడానికి ఒక్కోదాని పక్కన రెండేసి చుక్కలు పెట్టారు.

ఈ పనికి ఆయన ఇచ్చుకున్న మూల్యం కూడా తక్కువేం కాదు. కొండల్లో తిరిగి తిరిగి మలేరియా పట్టుకుంది. అప్పట్లో దానికి మందు క్వినైన్ ఒక్కటే. అది మింగి మింగి చెవులు దెబ్బతిన్నాయి. ధ్వనుల మీద బతికే మనిషికి చెవుడు వచ్చింది. అయినా పని ఆపలేదు. సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని ఆ భాషలో వాచకాలు రాశాడు, సొంత డబ్బుతో బళ్ళు పెట్టాడు. ప్రభుత్వం పారితోషికం ఇస్తామంటే వద్దని, దాంతో ఒక మంచి బడి పెట్టమన్నాడు. 1913లో ప్రభుత్వ బిరుదు, 1934లో కైజర్-ఇ-హింద్ పతకం వచ్చాయి. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. 1940లో ఆయన పోయాక కొడుకు గిడుగు సీతాపతి ఆ పని అందుకున్నాడు. 1967లో అమెరికాలో స్టాన్లీ స్టరోస్టా సవర వాక్య నిర్మాణం మీద పిహెచ్‌డీ చేశాడు. ఆయన కన్నా ముందే ఆ దారి వేసి ఉంచినవాడు మన మెట్రిక్ పాసైన పంతులు.

ఖండపడా వెదురు కర్ర

గంజాం జిల్లాకి ఉత్తరాన ఖండపడా అని చిన్న సంస్థానం ఉండేది, ఇప్పుడు నయాగఢ్ జిల్లాలో ఉంది. అక్కడ 1835లో పుట్టిన సామంత చంద్రశేఖరుణ్ణి ఒడియావాళ్ళు పఠాణి సామంత అంటారు. ఆయనకి ఇంగ్లీషు రాదు, టెలిస్కోపు లేదు. వెదురూ కర్రా ముక్కలతో సొంతంగా చేసుకున్న పరికరాలతో, ఉత్త కంటితో ఏళ్ళ తరబడి గ్రహాల్ని కొలిచాడు. పాత సిద్ధాంత గ్రంథాల లెక్కకీ ఆకాశంలో కనిపిస్తున్నదానికీ తేడా వస్తుంటే, గ్రంథాన్ని కాక ఆకాశాన్ని నమ్మాడు. తన లెక్కలన్నీ సంస్కృత శ్లోకాల్లో తాటాకుల మీద రాసుకున్నాడు. కటక్ రావెన్‌షా కాలేజీలో సైన్సు చెప్పే జోగేశ్‌చంద్ర రాయ్ కంట పడకపోతే ఆ తాటాకులు అటక మీదే ఉండేవి. ఆయన ఇంగ్లీషు పీఠిక రాసి 1899లో 'సిద్ధాంత దర్పణం' అచ్చువేయిస్తే, లండన్ 'నేచర్' పత్రిక దాని మీద సమీక్ష వేసింది.

చంద్రశేఖరుడి ప్రతిభ ఎంత గొప్పదైనా, జోగేశ్‌చంద్ర లేకపోతే అది ఖండపడా దాటేది కాదు. మామూలు దారిన రాని మనిషికి మామూలు దారి తెలిసిన ఒక మనిషి చెయ్యందించాలి. మా సముద్రపు ఒడ్డున జరిగింది కూడా ఇదే.

రుషికుల్య మొగ

బరంపురం నుంచి గంజాం పట్నం వైపు వెళితే రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటు వస్తుంది. పురుణాబంధ, గోఖర్‌కుదా, పొడంపేట అక్కడి ఊళ్ళు. గంజాం తీరం పొడుగునా ఉన్న జాలర్లలో చాలామంది తెలుగువాళ్ళే. ఒడియావాళ్ళు వీళ్ళని నోలియాలంటారు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడతారు.

ఈ మొగ దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మందలు మందలుగా ఒడ్డెక్కి గుడ్లు పెడతాయని శాస్త్రలోకానికి తెలిసింది 1994లో. చెప్పింది భారత వన్యప్రాణి సంస్థ పరిశోధకుడు బివాష్ పాండవ్. ఉత్తరాన గహిర్‌మథ గురించి 1974లోనే తెలుసు. రుషికుల్య సంగతి మరో ఇరవై ఏళ్ళకి గానీ కాగితం మీదికి రాలేదు. ఆ ఊళ్ళవాళ్ళకి మాత్రం తాబేళ్ళు కొత్త కాదు. ఏ నెలలో వస్తాయి, ఏ గాలికి వస్తాయి, ఏ వైపు ఎక్కుతాయి అన్నది వాళ్ళకి పుట్టినప్పటి నుంచీ తెలుసు. పరిశోధకులు వచ్చాక ఆ ఊళ్ళ కుర్రాళ్ళే వాళ్ళకి దారి చూపారు, రాత్రుళ్ళు తోడు నడిచారు, మెల్లగా పని నేర్చుకున్నారు. తర్వాత స్థానికులు తాబేళ్ళ రక్షణకి కమిటీ పెట్టుకున్నారు. బెంగళూరు శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి సాగిస్తున్న పరిశీలన కూడా ఈ ఊళ్ళ మనుషుల చేతుల మీదుగానే నడుస్తోంది.

నా దగ్గర చదివిన ఒక జాలరి పిల్లాడు ప్లస్ టూ మధ్యలో ఆపేసి ఈ పనిలో చేరాడు. ఒక ఫిబ్రవరి రాత్రి నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్ళాడు. టార్చికి ఎర్ర కాగితం చుట్టి ఉంది, తెల్ల వెలుతురు పడితే తాబేలు బెదిరి వెనక్కి వెళ్ళిపోతుందట. ఒక ఆడ తాబేలు వెనక కాళ్ళతో ఇసుక తవ్వుతోంది. నేను ముందుకి వంగబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇప్పుడు కాదు టీచరమ్మా. గుడ్డు పడ్డం మొదలెట్టాక మనం ఏటి సేసినా కదల్దు, అప్పుడెల్దాం" అన్నాడు. గుడ్లు పడడం మొదలయ్యాక వెళ్ళి డిప్ప పొడవు, వెడల్పు టేపుతో కొలిచాడు. ముందు రెక్కకి లోహపు బిళ్ళ బిగించి నంబరు బిగ్గరగా చదివాడు. పక్కనున్న కుర్రాడు నోటుబుక్కులో ఎక్కించి, అదే నంబరు తిరిగి చదివి వినిపించాడు. తాబేలు గుంత పూడ్చేసి, పొట్టతో అటూ ఇటూ ఊగుతూ ఇసుక గట్టిపరిచి, సముద్రంలోకి వెళ్ళిపోయింది.

ఆ నోటుబుక్కు అడిగి తీసుకుని చూశాను. తేదీ, వేళ, గాలి ఎటు నుంచి, కొలతలు, బిళ్ళ నంబరు, గూడు అలకి ఎంత దూరం. కొట్టివేతలున్న చోట పాత అంకె కనబడేలా ఒకే గీత. రబ్బరు వాడిన జాడ ఎక్కడా లేదు. "చెరిపేస్తే ముందేం రాశామో తెలీదు గదండీ" అన్నాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ప్రాక్టికల్ రికార్డు ఇలా రాయమని ఎంతమందికి చెప్పానో! రాసి చూపించింది వీడు.

మందగా రావడం ఎప్పుడని అడిగితే, "గాలి దచ్చిణం తిరిగి గట్టిగా కొట్టాల" అన్నాడు. మంద ఒడ్డెక్కడానికీ దక్షిణపు గాలికీ ఉన్న సంబంధాన్ని పరిశోధకులు కూడా గమనించారు. అయితే గాలి ఒక్కటే కారణమైతే ఏటా రావాలిగా? 2024లో రుషికుల్యలో మంద ఒడ్డెక్కనే లేదు. 2025 ఫిబ్రవరిలో అటవీశాఖ లెక్క ప్రకారం దాదాపు ఏడు లక్షల తాబేళ్ళు వచ్చాయి. ఎందుకన్నది తేలాలంటే ఒడ్డు వాలు, నది మొగ జరుగుడు, ఉప్పదనం, ఇసుక వేడి అన్నీ ఏళ్ళ తరబడి రాసి ఉంచాలి. ఇసుక వేడి మరీ ముఖ్యం. ఈ తాబేళ్ళలో ఆడా మగా అన్నది గూడు వేడిని బట్టే తేలుతుంది. ఇసుక చల్లగా ఉంటే మగవి, వేడిగా ఉంటే ఆడవి ఎక్కువ పుడతాయి. భూమి వేడెక్కుతున్న కాలంలో ఆ నోటుబుక్కు విలువ ఎంతో వేరే చెప్పక్కర్లేదు. బిళ్ళ నంబరుకీ అంతే విలువ. 2021లో ఒడిశా తీరాన బిళ్ళ వేసిన తాబేలు ఒకటి 2025లో దేశానికి అటువైపున మహారాష్ట్రలోని గుహాగర్ ఒడ్డున గుడ్లు పెడుతూ దొరికింది. అంకె ఒక్కటి తప్పుగా పడి ఉంటే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

ఇందులో ఒక కష్టం కూడా ఉంది. తాబేళ్ళ కోసం నవంబరు నుంచి మే నెలాఖరు దాకా రుషికుల్య మొగ దగ్గర వేట బందు. వేట పోయిన ఇంటి పిల్లలే రాత్రుళ్ళు తాబేళ్ళకి కాపలా కాస్తున్నారు. ఇచ్చే కూలి సీజను ఉన్నన్నాళ్ళే.

దారి ఎక్కడ ఆగిపోతోంది?

గిడుగు పేరు మనకి తెలుసు. ఆయనింట్లో కూర్చుని సవర నేర్పిన మనిషి పేరు మనలో ఎంతమందికి తెలుసు? తాబేళ్ళ మీద వ్యాసం వస్తే రాసినవాళ్ళ పేర్లు పైన ఉంటాయి. రాత్రంతా కొలిచినవాడి పేరు చివర్న కృతజ్ఞతల్లో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. సైన్సులోకి కొత్త దారిన వచ్చినవాళ్ళకి అసలు చిక్కు ఇక్కడే. లోపలికి రానిస్తారు, పని చేయించుకుంటారు, కానీ ఎదగడానికి మెట్టు కట్టరు. జాలరి కుర్రాడికి పదేళ్ళ అనుభవం ఉన్నా కాగితం మీద అతను కూలీయే.

ఆ మెట్టు కట్టుకోవడం ఇప్పుడు మునుపటంత కష్టం కాదు. చదువు మధ్యలో ఆగినవాళ్ళు సార్వత్రిక విశ్వవిద్యాలయాల ద్వారా డిగ్రీ పూర్తిచేయొచ్చు. పిహెచ్‌డీలో చేరడానికి వయోపరిమితి లేదు. జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్పుకి మాత్రం ఉంది, ఆడపిల్లలకీ రిజర్వేషన్ వర్గాలకీ అందులో సడలింపు ఉంది. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం తెచ్చుకుంటే పీజీ లేకుండానే పిహెచ్‌డీకి వెళ్ళొచ్చు. మన ఊళ్ళోనే ఐసర్ బరంపురం ఉంది. 2016లో ఆ సంస్థ మొదలైంది సొంత భవనంలో కాదు, ఇంజనీరింగ్ స్కూల్ జంక్షన్ దగ్గరి ప్రభుత్వ ఐటీఐ భవనంలో. ఇప్పుడు లౌడిగాంలో సొంత ప్రాంగణం ఉంది. అందులో బీఎస్-ఎంఎస్ కోర్సుకి ఐఏటీ పరీక్ష రాయాలి. నీట్, జేఈఈ తప్ప మరోటి లేదనుకునే తల్లిదండ్రుల్లో సగం మంది ఈ పేరు వినలేదు. చిలికాలో ఏటా జనవరిలో పక్షుల లెక్కింపు జరుగుతుంది. ఈబర్డ్, ఐనాచురలిస్ట్ వంటి వాటిలో పక్షినో పురుగునో చూసి నమోదు చేయడానికి సర్టిఫికెట్టు అడిగేవాళ్ళు ఎవరూ లేరు.

అయితే కొత్త దారి అంటే సులువు దారి అనుకోవద్దు. గిడుగు సవర పని ముప్పై ఏళ్ళ పైచిలుకు సాగింది. చంద్రశేఖరుడు జీవితమంతా ఆకాశం చూశాడు. డిగ్రీ లేకుండా వచ్చినవాడు డిగ్రీ ఉన్నవాడి కంటే జాగ్రత్తగా కొలవాలి, ఎక్కువసార్లు సరిచూసుకోవాలి, ఎందుకంటే అతని మాట ఎవరూ ఊరికే నమ్మరు. అది అన్యాయమే, కానీ ప్రస్తుతానికి ఉన్న పరిస్థితి అదే.

అందుకే ఇద్దరికి రెండు మాటలు చెబుతాను. పిల్లలకి చెప్పేది, ఏ విషయమైనా మీకు ఊళ్ళో అందరికంటే బాగా తెలిస్తే, తేదీ వేసి రాయడం మొదలుపెట్టండి. ఒక ఏడాది రాశాక ఆ నోటుబుక్కు పట్టుకుని దగ్గర్లోని కాలేజీకో యూనివర్సిటీకో వెళ్ళి, ఆ విషయం చదివినవాళ్ళని కలవండి. ఒకరు పొమ్మంటే ఇంకొకరి దగ్గరికి వెళ్ళండి. పరిశోధకులకి చెప్పేది, మీ అంకెలు ఎవరి చేతుల మీదుగా వచ్చాయో వాళ్ళ పేరు వ్యాసం పైన వేయండి, వాళ్ళని ఏడాది పొడుగునా జీతం మీద పెట్టుకోండి, మానేసిన చదువు పూర్తిచేయించండి. పర్లాకిమిడి పంతులుకి యాభై ఏళ్ళు పట్టింది. రుషికుల్య కుర్రాడికి అంతకాలం పట్టనక్కర్లేదు.